ఫొకీర్ చావుకు నవల దగ్గర జవాబు ఉందా? ("ది హంగ్రీ టైడ్" మీద చర్చ)

పాతపుస్తకం:

అమితవ్ ఘోష్ 2004లో ప్రచురించిన "ది హంగ్రీ టైడ్" నవలను చాలా ఏళ్ల తరువాత మళ్లీ చదివాను. మొదటిసారి కంట తడి పెట్టించిన ముగింపు ఈసారి గొంతు దిగలేదు. ఎందుకో చెప్పి, మీరేమంటారో అడుగుదామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఐరావతి డాల్ఫిన్లను అధ్యయనం చేయడానికి సియాటిల్ నుంచి సుందరవనాలకు వచ్చిన పియా పుట్టుకతో బెంగాలీయే గానీ ఆమెకు ఆ భాష రాదు. ఆమె నదిలో పడిపోయినప్పుడు దూకి కాపాడినవాడు ఫొకీర్, పీతలు పట్టి బతికే, చదువు రాని జాలరి. ఢిల్లీలో అనువాద వ్యాపారం నడిపే కనాయి వారిద్దరికీ దుబాసీ. అతడు అక్కడికి రావడానికి కారణం, తన తల్లి తోబుట్టువైన నీలిమ భర్త నిర్మల్ చనిపోయే ముందు రాసిపెట్టిన ఒక నోటుపుస్తకం. 1979లో పులుల అడవిని కాపాడాలన్న పేరిట సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి దీవి నుంచి శరణార్థులను పోలీసులు వెళ్లగొట్టిన వైనం అందులో ఉంది. అక్కడ ప్రాణాలు పోయినవారిలో ఫొకీర్ తల్లి కుసుమ్ ఒకరు.

నవల మొత్తంలో పదునైన మాటలు ఆ కుసుమ్‌వే. ఆకలి, దాహం తనను అంతగా బాధించలేదని, ఈ దీవి చెట్లకూ జంతువులకూ చెందినదని పోలీసులు చేసే ప్రకటనలు వింటూ నిస్సహాయంగా కూర్చోవడమే భరించలేకపోయానని, మనుషులను చంపైనా సరే జంతువులను కాపాడాలనుకునే ఈ ప్రేమమూర్తులు ఎవరని ఆమె నిర్మల్‌ను అడుగుతుంది. ఇంతటి ప్రశ్న అడిగించిన రచయిత, ఆమె కొడుకును చివరికి తుఫానులో పియాకు అడ్డుగా నిలబెట్టి, గాలికి ఎగిరివచ్చిన మొద్దు దెబ్బకు బలిచేశాడు. అతడి పడవ తిరిగిన దారులన్నీ పియా చేతి జీపీఎస్ పరికరంలో భద్రంగా ఉన్నాయి కాబట్టి ఆమె తదుపరి పరిశోధనకు అవే పునాది అవుతాయి. పథకానికి అతడి పేరు పెడదామంటుంది. విరాళాలు పోగుచేసి అతడి భార్య మొయ్నాకు ఇల్లు, కొడుకు చదువుకు డబ్బు సమకూరుస్తుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, నా ఇబ్బందీ అదే. తల్లి పులుల పేరిట పోయింది, కొడుకు డాల్ఫిన్ల శాస్త్రానికి దారి చూపించి పోయాడు. మొదటి చావును అన్యాయమన్న నవల రెండోదాన్ని త్యాగంగా మలిచింది. పైగా కథంతా పియా కళ్లతోనో కనాయి కళ్లతోనో, లేకుంటే నిర్మల్ రాతలోనో నడుస్తుంది తప్ప ఫొకీర్ మనసులోకి ఒక్క అధ్యాయంలోనూ అడుగుపెట్టదు. వలస పాలన అనంతర సాహిత్యానికి మచ్చుతునక అని మనం చెప్పుకునే నవలలో స్థానికుడి స్థానం ఇంతేనా?

కృష్ణఒడ్డు:

పాతపుస్తకం గారూ, మీరు వర్ణించినదంతా నిజమే. తీర్పుతో మాత్రం ఏకీభవించలేను.

ఫొకీర్ మనసులోకి నవల వెళ్లకపోవడాన్ని మీరు లోపమంటున్నారు. నాకది నిజాయితీగా కనిపిస్తుంది. ఇంగ్లీషులో రాసే కలకత్తా రచయిత, అక్షరం తెలియని పీతల వేటగాడి మనసు తనకు పూర్తిగా తెలుసన్నట్టు ఇరవై పేజీలు రాసి ఉంటే మీరే దాన్ని దోపిడీ అనేవారు. ఘోష్ ఆ పని చేయకుండా, ఒకరికొకరు భాష తెలియని ఇద్దరు ఒకే పడవలో ఏం చేయగలరో చూపించాడు. ఫొకీర్ ఎరలు కట్టిన తాడును నది అడుగున పరిచి దాని వెంబడే పడవను ముందుకూ వెనక్కూ నడుపుతుంటాడు. నదిలో ఒకే గీత మీద తిరుగుతూ లోతు కొలవడం పియాకు కావలసిన పని. ఒకరి పని మరొకరికి అడ్డు రాకపోగా, ఒకే తాడు వెంట రెండూ సాగిపోతాయి. ఆ ఘట్టంలో ఎవరూ ఎవరి చాకిరీ చేయడం లేదు.

ఇంకొక సంగతి. మీరు ఫొకీర్‌ను బలిపశువుగా చూపిస్తున్నారు, కానీ అతడు ప్రకృతిని ముద్దుచేసే అమాయకుడు కాడు. ఈనుతున్న గేదె ఉన్న పాకలోకి పులి చొరబడినప్పుడు ఊరివాళ్లు దాన్ని గుడ్డిదాన్ని చేసి, నిప్పుపెట్టి చంపుతారు. పియా అడ్డుపడబోతే ఆమెను పక్కకు లాగినవాడు ఫొకీరే. పులి మనుషుల మధ్యకు వచ్చిందంటే అది చావు కోరుకునే వచ్చిందని అతడి సమాధానం. పియాకు ఆ రాత్రి అతడు పూర్తిగా అపరిచితుడవుతాడు. అంటే నవల తానే గీసిన అందమైన బొమ్మను తన చేతులతోనే చెరిపేసింది. ఆ తరువాత కనాయి తన వర్గం మీద తానే నేరం మోపుకుంటాడు: వన్యప్రాణుల రక్షణకు పేదలు చెల్లించే మూల్యాన్ని తనలాంటి చదువుకున్న భారతీయులు దాచిపెట్టారని. దీనికి పియా కూడా తలవంచదు. ఇతర జీవజాతులను తుడిచిపెట్టవచ్చని నిర్ణయించుకున్నాక తరువాతి వంతు మనుషులదేనని ఎదురుచెబుతుంది. నవల ఇద్దరినీ మాట్లాడనిచ్చి ఊరుకుంది.

చర్చకు కొంచెం పక్కదారి అయినా ఒక మాట చెప్పాలి. అడవికి అధిదేవత అయిన బొన్‌బీబీ కథ ఈ నవలకు గుండెకాయ. ముస్లిం పేర్లున్న ఆ తల్లిని హిందువులూ ముస్లింలూ కొలుస్తారు. ఫొకీర్‌కు నోటికి వచ్చిన ఆ కథ పుస్తకం చూడటానికి వచనంలా ఉన్నా చదువుతుంటే అంత్యప్రాసలతో పాదాలు జంటలుగా విడిపోతాయి. అది ద్విపద అని తెలిసినప్పుడు పల్నాటి వీరచరిత్ర పాడగా విన్న నాకు కలిగిన సంతోషం ఇంగ్లీషు పాఠకుడికి కలిగి ఉండదు. ఫొకీర్ గొంతు ఎక్కడుందని మీరు అడిగితే నేను ఆ ద్విపదనే చూపిస్తాను.

పాతపుస్తకం:

ఆ ద్విపదను కూడా పియాకు చేర్చినది కనాయి రాసిన ఇంగ్లీషు ఉత్తరమే కదండీ. నిర్మల్ నోటుపుస్తకం చివర్లో నీటిపాలైతే, దాన్ని జ్ఞాపకం నుంచి తిరగరాస్తాననేవాడూ కనాయే. ప్రతి జ్ఞానమూ చివరికి చదువుకున్నవారి చేతికే చేరుతోంది. పులి ఘట్టం గురించి మీరు చెప్పినది మాత్రం సబబుగానే ఉంది. దాన్ని నేను తక్కువగా చూశాను.

మన్యంబాట:

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను, చరిత్ర చదువుకున్నవాణ్ణి. మీరిద్దరూ మరిచ్‌ఝాపిని "పులికీ మనిషికీ మధ్య తగవు"గా అంగీకరించి ముందుకు వెళుతున్నారు. అక్కడే అభ్యంతరం ఉంది.

ఆ శరణార్థులు ఎవరు? దేశ విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవారు, అధికభాగం నామశూద్రులు, అంటే దళితులు. ముందుగా వచ్చిన పై కులాలవారు కలకత్తా చుట్టుపక్కల స్థిరపడగలిగారు. వీరిని మాత్రం 1958లో మొదలైన దండకారణ్య పథకం కింద బస్తర్, కోరాపుట్ ప్రాంతాలకు తరలించారు. మన చింతూరుకు ఆవల ఉన్న మల్కన్‌గిరి అందులోదే. నదుల మధ్య పుట్టిపెరిగిన జాలర్లను, వరి రైతులను రాతినేల మీద పడేసి వ్యవసాయం చేసుకోమన్నారు. రామాయణంలో అడవులపాలు చేయడానికి వాడిన పేరే ప్రభుత్వ పునరావాసానికి దొరకడం యాదృచ్ఛికమే కావచ్చు. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం వామపక్షాలు వీరిని బెంగాల్‌లోనే స్థిరపరచాలని వాదించాయి. 1977లో వారు అధికారంలోకి రాగానే, ఆ మాట నమ్మి 1978లో వేలాదిమంది బయలుదేరారు. మరిచ్‌ఝాపిలో బడి, వైద్యశాల, చేపల చెరువులు తమంతట తామే ఏర్పాటు చేసుకున్నారు. 1979 జనవరిలో దీవిని దిగ్బంధం చేసి తిండినీ నీటినీ ఆపారు, కాల్పులు జరిపారు, మే నెలలో గుడిసెలు తగులబెట్టి మిగిలినవారిని పంపించివేశారు. ఎందరు చనిపోయారన్న విషయంలో ప్రభుత్వ లెక్కకూ బతికి బయటపడినవారి లెక్కకూ నేటికీ పొంతన లేదు.

ముఖ్యమైన సంగతి ఇది: ఆ దీవి చెక్కుచెదరని మడ అడవేమీ కాదు. 1975లోనే అక్కడి అడవిని కొట్టించి ప్రభుత్వం కొబ్బరి వంటి మొక్కలు నాటించింది. పులి అక్కడ ఒక సాకు. మానవశాస్త్రవేత్త అన్ను జలాయిస్ 2005లో రాసిన వ్యాసంలో ద్వీపవాసులు తనతో చెప్పిన మాట నమోదు చేశారు: అంతకుముందు పులులు తమతో అడవిని పంచుకునేవని, మరిచ్‌ఝాపి తరువాతే, సర్కారుకు తమ ప్రాణం కంటే తన ప్రాణమే విలువైనదని పులికి తెలిసిపోయి పొగరెక్కిందని. ఈ ఒక్క మాట ముందు ఎన్ని విమర్శ గ్రంథాలు నిలబడతాయో నాకు తెలియదు. నవల కులం విషయాన్ని మెత్తగా దాటవేసిందన్నదే నా ఫిర్యాదు. నిర్మల్ అక్కడ తన యౌవనంలో కలలుగన్న విప్లవాన్ని చూశాడు, మధ్యమధ్య జర్మన్ కవి రిల్కేను తలుచుకున్నాడు. ఎదురుగా నిలబడినవారు ఏ కులం వారో, అందుకు ఏ మూల్యం చెల్లిస్తున్నారో అన్నది అతడి నోటుపుస్తకంలో కవిత్వమంత స్థలం పొందలేదు.

కోరంగితీరం:

మా ఊరు గౌతమి పాయ సముద్రంలో కలిసే వైపు. సుందరవనాలు చూడలేదు గానీ మడ అడవి మాకు పెరటి తోట. నవలలో పేరు పేరునా చెప్పిన బురద, ఊడవేళ్లు, గంటగంటకూ మారే ఒడ్డు అన్నీ చదువుతుంటే మా నేలే కనిపించింది. రెండు భాగాలకు పెట్టిన భాటా, జోయార్ అన్న పేర్లు మా ఆటు, పోటులే.

నవలలో హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఇంగ్లీషువాడి ప్రస్తావన వస్తుంది. మాత్లా నది ఒడ్డున కానింగ్ రేవు కట్టవద్దని, మడ అడవిని నరికిన చోట తుఫాను ఊడ్చిపెడుతుందని అతడు ముందే హెచ్చరించినా వినకుండా కట్టారు; 1867 తుఫానుకు ఆ రేవు పోయింది. ఇంగ్లీషుకు "సైక్లోన్" అనే మాట ఇచ్చిన ఆ పిడ్డింగ్టన్ తన రాతల్లో 1789 నాటి మా కోరంగి ఉప్పెన గురించీ చెప్పాడని ఇక్కడ ఎందరికి తెలుసు? 1996 నవంబరు తుఫానులో మడ అడ్డుండబట్టే కొన్ని ఊళ్లు మిగిలాయని మా పెద్దలు ఈనాటికీ చెబుతారు. అందువల్ల అడవిని కాపాడటం పట్నంవాళ్ల సరదా అన్న వాదన నాకు ఎక్కదు. కోరంగిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. మాకు పులి లేదు, బావురుపిల్లి ఉంది. అది మనుషులను తినదు కాబట్టి మా తగవు అంత భయంకరం కాలేదు. అయినా వంటచెరకుకు, పీతలకు వెళ్లినవాడిని దొంగను చూసినట్టు చూసే కళ్లు ఎలా ఉంటాయో మాకూ తెలుసు. నవల మొదట్లో ఫొకీర్ దగ్గర డబ్బు లాక్కునే అటవీ గార్డు కల్పన అనిపించలేదు.

ఉప్పుటేరు:

ఆలస్యంగా వచ్చాను. ఇన్ని టపాలలో మొయ్నా పేరు ఒక్కసారే, అదీ ఇల్లు విరాళంగా పుచ్చుకునే విధవరాలిగా రావడం నాకు ఆశ్చర్యంగా ఉంది. మీరంతా ఫొకీర్ మాట్లాడలేదని వాదిస్తుంటే, నవలలో చక్కగా, తన భాషలో తాను మాట్లాడినామె ఎవరికీ వినిపించలేదు.

మొయ్నా పట్టుదలతో చదువుకుని నర్సు శిక్షణ పొందుతున్న స్త్రీ. కొడుకును బడి మాన్పించి పీతలకు తీసుకుపోతున్న భర్తతో ఆమెకు నిత్యం గొడవ. పియా ఆమెను కారణం అడిగినప్పుడు వచ్చిన జవాబును గమనించండి: పదిహేనేళ్లలో ఈ నదుల్లో చేపలే ఉండవని నీలిమ చెప్పిందని, టైగర్ రొయ్య పిల్ల కోసం వాడే సన్నని నైలాను వలలు మిగతా చేపల గుడ్లనూ ఊడ్చేస్తున్నాయని, ఆ వలలను ఆపించాలని చూస్తే రొయ్యల వ్యాపారంలోని డబ్బు రాజకీయ నాయకుల దాకా వెళ్లింది కాబట్టి కుదరలేదని. కనాయి అనువదించాడు, పియా విన్నది, కథ మళ్లీ డాల్ఫిన్ల వైపు వెళ్లిపోయింది. పులా మనిషా అని మీరు తూకం వేస్తున్న త్రాసును పట్టుకున్న చెయ్యి ఎవరిదో నవలలో చెప్పినది ఆమె. ఆ అరపేజీని నవల మరిచిపోవడం, దాన్ని మనం మరిచిపోవడం, ఈ రెంటిలో ఏది పెద్ద తప్పో తేల్చుకోలేకపోతున్నాను.

డెల్టా తెలుగువారికి ఆ అరపేజీ అర్థం కావడానికి అనువాదం అవసరం లేదు. తొంభైలలో మా వైపు వరిచేలు రొయ్యల చెరువులైనప్పుడు, తెల్లమచ్చ రోగం వచ్చి ఆ చెరువులు దివాలా తీసేలోపు, ఉప్పుటేర్లలో రొయ్య పిల్లకు గిరాకీ విపరీతంగా ఉండేది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద ఇచ్చిన తీర్పు గురించి పెద్దలు అరుగుల మీద వాదించుకుంటుంటే విన్న గుర్తు.

పాతపుస్తకం:

ఉప్పుటేరు గారూ, ఒప్పుకుంటున్నాను. మొయ్నాను నేను ముగింపులోని ఒక లెక్కగా మాత్రమే రాశాను. నవల మీద నేను చేసిన ఫిర్యాదు నాకూ వర్తించింది. అయితే ఫొకీర్ చావు గురించిన నా ప్రశ్న తీరలేదు. మొయ్నా మాట నిజమైతే ఫొకీర్ బతికి ఉన్నా అతడి నది బతికేది కాదు, అప్పుడు అతణ్ణి తుఫానుకు అప్పగించడం రచయితకు సులువైన దారి అవుతుంది. మీరు చూసినదేమైనా ఉంటే కాస్త వివరంగా రాయండి.

ఉప్పుటేరు:

చూసినదే రాస్తాను. పోటు మీద మా అమ్మా, పిన్నీ నడుము లోతు నీటిలో దోమతెరంత సన్నని వలను తోసుకుంటూ వెళ్లేవారు. గట్టు మీదికి వచ్చి తెల్లటి పళ్లెంలో నీళ్లు పోసి, పట్టినది అందులో వేసి, వెంట్రుక మందం ఉన్న టైగర్ పిల్లలను ఆల్చిప్పతో ఒక్కొక్కటిగా ఏరి వేరే కుండలో వేసేవారు. లెక్క నా పని, వందకొక గులకరాయి. పళ్లెంలో మిగిలినదాన్ని, అంటే పేరు తెలియని చేపపిల్లలను, పీత పిల్లలను, అలాగే గట్టున పారబోసేవారు. అవి ఎండేలోపు కొంగలు వచ్చేవి.