ఒకరికి పరుగులో, ఇంకొకరికి నిద్రలో: వంశపారంపర్య గుండె లయ జబ్బుల్లో నరాల పాత్ర

నర్సింగ్ ట్యూటర్, తిరుపతి:
లాంగ్ క్యూటీ (ఈసీజీలో క్యూటీ, అంటే జఠరికలు ఉత్తేజితమై తిరిగి కుదుటపడే వ్యవధి, సాగిపోయే జబ్బు), బ్రుగాడా (సోడియం ప్రవాహం తగ్గి లయ తప్పే జబ్బు) రెండింట్లోనూ లోపం గుండె కణాల అయాన్ చానళ్లదే, అంటే సోడియం, పొటాషియం, కాల్షియం రాకపోకల ద్వారాలదే. అయినా లాంగ్ క్యూటీ టైప్ 1 పిల్లలు ఆటల్లో పడిపోతారు, బ్రుగాడా ఉన్నవాళ్లకి గండం ఎక్కువగా నిద్రలో. గుండెను ఉరికించే సింపథెటిక్, నెమ్మదింపజేసే వేగస్ నరాలు ఇక్కడ ఏం చేస్తున్నాయి? అలిపిరి మెట్ల మొక్కున్న కుటుంబాలు అడిగితే ఏం చెప్పాలి?

కార్డియాలజీ పీజీ:
మేడమ్, పరిగెత్తేటప్పుడు అడ్రినలిన్ కాల్షియం ప్రవాహాన్ని పెంచుతుంది. దానికి దీటుగా కేసీఎన్‌క్యూ1 పొటాషియం చానల్ కూడా ఎక్కువ తెరుచుకుని క్యూటీని కుదించాలి. టైప్ 1లో పాడైంది సరిగ్గా ఆ చానలే. గుండె వేగం పెరుగుతుంది, క్యూటీ మాత్రం తగినంత తగ్గదు. ఈత మరీ ప్రమాదం: శ్రమ సింపథెటిక్‌ని లేపుతుంది, ముఖానికి తగిలే చన్నీళ్లు అదే క్షణంలో వేగస్‌ని లేపుతాయి. టైప్ 2కి అలారం, ఫోన్ రింగ్ లాంటి హఠాత్ శబ్దాలు పడవు. టైప్ 3కి విశ్రాంతి, నిద్రే గండం.

బ్రుగాడాలో సోడియం ప్రవాహం తక్కువ. రాత్రి వేగస్ బలపడితే అసిటైల్‌కోలిన్ కాల్షియం ప్రవాహాన్నీ తగ్గిస్తుంది, కుడి జఠరిక పైభాగంలో ఎస్‌టీ (ఈసీజీ గీతలో ఒక భాగం) లేస్తుంది. కడుపు నిండా తిన్నాకా అంతే. అందుకే ఐసీడీ (లయ తప్పితే షాకిచ్చే, ఒంట్లో అమర్చే పరికరం) వరస షాకులతో వచ్చే బ్రుగాడా రోగికి అడ్రినలిన్‌లా పనిచేసే ఐసోప్రెనలిన్ ఇస్తారు. అడ్రినలిన్ పెరిగితే లయ తప్పే మరో వంశపారంపర్య జబ్బు సీపీవీటీలో అదే మందు ప్రాణం తీయగలదు. జబ్బు పేరు తెలియకుండా సలహా ఇవ్వకూడదనేది ఇందుకే.

ఈసీజీ టెక్నీషియన్, చిత్తూరు:
కొలత దగ్గరే చాలా పొరపాట్లు జరుగుతాయి. క్యూటీ 400 మిల్లీసెకన్లు, ఆర్ఆర్ (రెండు స్పందనల మధ్య వ్యవధి) 0.64 సెకన్లు అనుకోండి. గుండె వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ, అంటే క్యూటీసీ, బజెట్ సూత్రం లెక్కలో 500 వస్తుంది, ఫ్రిడెరీషియా సూత్రంలో 464. గుండె వేగంగా కొట్టుకుంటుంటే బజెట్ ఎక్కువ చూపిస్తుంది, భయపడ్డ పిల్లాణ్ణి కాసేపు కూర్చోబెట్టి మళ్లీ తీయండి. ట్రెడ్‌మిల్ ఆపేశాక వెంటనే తీగలు పీకొద్దు: కోలుకునే నాలుగో నిమిషంలో క్యూటీసీ 480 ఉంటే లాంగ్ క్యూటీ అనుమానం బలపడుతుంది. బ్రుగాడాకి ఛాతీ మీది వి1, వి2 తీగల్ని రెండో, మూడో పక్కటెముకల సందుల్లో కూడా పెట్టి చూడాలి, నాలుగో సందులో మామూలుగా కనిపించొచ్చు. సీపీవీటీలో విశ్రాంతి ఈసీజీ మామూలుగానే ఉంటుంది, అందుకే ఈ పిల్లలు పడిపోతే మూర్ఛ అనుకుని ఆ మందులు రాసేస్తుంటారు.

నర్సింగ్ ట్యూటర్, తిరుపతి:
మందులు, మెట్ల సంగతి?

కార్డియాలజీ పీజీ:
లాంగ్ క్యూటీ, సీపీవీటీలకి అడ్రినలిన్‌ని అడ్డుకునే బీటా బ్లాకర్ మందుల్లో నాడొలాల్ మొదటి ఎంపిక, దొరక్కపోతే ప్రొప్రనలాల్. మెటొప్రొలాల్ ఇక్కడ అంత నమ్మదగింది కాదు. డోసు తప్పితే అడ్డు లేని అడ్రినలిన్ ఒక్కసారిగా పనిచేస్తుంది, ప్రయాణంలో మాత్రలు చేతి సంచిలోనే ఉండాలి. మందు చాలకపోతే ఎడమవైపు సింపథెటిక్ గొలుసును కత్తిరించే ఆపరేషన్ ఉంది. సీపీవీటీకి ఐసీడీ ఒక్కటే పెడితే షాకు నొప్పికి అడ్రినలిన్ పెరిగి మళ్లీ షాకు పడే ప్రమాదం ఉంది.

టైప్ 1, సీపీవీటీ పిల్లల్ని మందు మీద ట్రెడ్‌మిల్ చేసి, వాళ్ల డాక్టరు ఒప్పుకునేదాకా మెట్లెక్కించొద్దు, ఘాట్ రోడ్డు బస్సే మేలు. పుష్కరిణిలో మునకలు వద్దు, నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు. లాంగ్ క్యూటీ ఉంటే అజిత్రోమైసిన్, డోంపెరిడోన్, ఒండాన్‌సెట్రాన్ డాక్టర్ని అడక్కుండా వాడొద్దు, అవి క్యూటీని ఇంకా సాగదీస్తాయి; వాంతులు, విరేచనాలైతే రక్తంలో పొటాషియం చూడాలి. బ్రుగాడా ఇంట్లో జ్వరం రాగానే పారాసెటమాల్, తగ్గకపోతే అదే రోజు ఈసీజీ.