కొత్త ఉద్యోగంలో మొదటి వారమే పనిచేస్తూ కళ్లు తిరిగి పడిపోయాను, ఇప్పుడు రాజీనామా రాసివ్వమంటున్నారు

రేకులషెడ్:
అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి. ఈమధ్యే ఒక గోదాములో పికింగ్ పనికి చేరాను. స్కానర్‌లో వచ్చిన ర్యాక్ నంబరు దగ్గరికి వెళ్లి, సరుకు తీసి ట్రాలీలో వేసుకుని ప్యాకింగ్ వాళ్లకి అందించాలి, గంటకి ఇన్ని అని టార్గెట్. పైన అంతా రేకులు. కింది అరల దగ్గర ఫర్వాలేదు గానీ నిచ్చెన ఎక్కి పై అరలో చెయ్యి పెడితే మొహానికి సెగ కొడుతుంది, గాలి ఆడదు. ఉన్న ఫ్యాన్లు ప్యాకింగ్ టేబుళ్ల వైపు తిప్పి ఉంటాయి. నీళ్ల క్యాను గేటు దగ్గర. అక్కడిదాకా వెళ్లొస్తే ఆ టైమంతా ఖాళీగా ఉన్నట్టు స్కానర్‌లో పడుతుంది, అందుకని కొత్తవాళ్లం ఎవరమూ వెళ్లం.

ఆ రోజు పొద్దుటి నుంచే తలనొప్పి, వికారం. సూపర్‌వైజర్‌కి చెప్పాను, కొత్తలో అందరికీ ఇంతే, అలవాటైపోతుంది అన్నారు. మధ్యాహ్నానికి పిక్కలు పట్టేశాయి, చెమటకి స్కానర్ చేతిలోంచి జారిపోతోంది, కాసేపటికి కళ్లు తిరిగి ర్యాకుల మధ్యే పడిపోయాను. తోటివాళ్లు బయటికి మోసుకొచ్చారట. ఆసుపత్రిలో సెలైన్ పెట్టి, రాత్రికి ఉంచుకుని పంపారు. వేడి వల్ల ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోయాయని కాగితం మీద రాశారు.

ఇంటికొచ్చాక హెచ్ఆర్ నుంచి ఫోన్. మీ ఆరోగ్యం ఈ పనికి సరిపోదు, ఎలాగూ ప్రొబేషన్‌లోనే ఉన్నారు కాబట్టి ఇక రానక్కర్లేదు, వ్యక్తిగత కారణాలతో మానేస్తున్నానని ఒక మెయిల్ పెట్టేస్తే చేసిన రోజుల జీతం త్వరగా క్లియర్ చేస్తాం అన్నారు. నాకు ఇంతకుముందు ఏ జబ్బూ లేదు. ఉన్న ఉద్యోగం వదిలేసి మరీ ఇందులో చేరాను. నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. ఆ మెయిల్ పెట్టాలా? ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకి అడిగే హక్కేమైనా ఉంటుందా? రేపు ఇంకోచోట ఎందుకు మానేశారని అడిగితే ఏం చెప్పాలి?

పేరోల్_మనిషి:
ఆ మెయిల్ మాత్రం పెట్టకండి. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు. నేను చేసేది జీతాల పనే కాబట్టి చెబుతున్నాను, చేసిన రోజులకి జీతం వాళ్లు మీకు బాకీ, దానికీ రాజీనామాకీ ముడి పెట్టాల్సిన అవసరమే లేదు. ‘వ్యక్తిగత కారణాలు’ అని మీ చేత్తో రాసిచ్చారంటే వాళ్లు తీసేసిన ఉద్యోగం మీరే వదిలేసినట్టు రికార్డవుతుంది. తర్వాత పరిహారం అడిగినా, ఉద్యోగం పోయినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే భృతి ఏదైనా అడిగినా ముందు ఆ మెయిలే మీ ముందు పెడతారు.

దాని బదులు మీరే ఒక మెయిల్ రాయండి. తిట్లు వద్దు, కథంతా వద్దు. ‘ఫలానా తేదీన డ్యూటీలో ఉండగా వేడికి అస్వస్థతకు గురై పడిపోయాను, ఆసుపత్రిలో చేర్చారు, డాక్టర్ ఫలానా తేదీ వరకు విశ్రాంతి తీసుకోమన్నారు. ఇక రావద్దని ఈ రోజు మీరు ఫోన్‌లో చెప్పారు. నేను రాజీనామా చేయడం లేదు. నన్ను తొలగిస్తున్నట్లయితే కారణంతో సహా రాతపూర్వకంగా తెలియజేయగలరు.’ ఇంతే చాలు. మీ సొంత మెయిల్ నుంచి పంపండి, కంపెనీ లాగిన్ ఏ క్షణంలోనైనా తీసేస్తారు. ఆఫర్ లెటర్, షిఫ్ట్ షెడ్యూలు, సూపర్‌వైజర్‌తో మెసేజ్‌లు అన్నీ ఇప్పుడే దింపి పెట్టుకోండి. మిమ్మల్ని మోసుకొచ్చిన వాళ్ల పేర్లు, నంబర్లు కూడా.

సేఫ్టీ_డ్యూటీ:
పైన చెప్పింది కరెక్ట్. నేను ఇంకో సంగతి చెప్తాను, ఎందుకంటే ‘మీ ఆరోగ్యం సరిపోదు’ అన్న మాట చదివి చాలా కోపం వచ్చింది. నేను ఫ్యాక్టరీల్లో సేఫ్టీ చూస్తాను. వేడిలో పనిచేసే చోట ఎక్కువ ప్రమాదం ముసలివాళ్లకో బలహీనులకో అనుకుంటారు, అసలు ప్రమాదం కొత్తగా చేరినవాళ్లకి. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ఓషా చెప్పే లెక్క ప్రకారం వేడి వల్ల పనిలో జరిగే మరణాల్లో దాదాపు సగం చేరిన మొదటి రోజే జరుగుతాయి, 70 శాతానికి పైగా మొదటి వారంలోనే. ఒంటికి వేడి అలవాటవడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. అలవాటయ్యాక చెమట తొందరగా పడుతుంది, ఎక్కువ పడుతుంది, అందులో పోయే ఉప్పు తగ్గుతుంది, గుండె అంత వేగంగా కొట్టుకోవాల్సిన పని ఉండదు. ఇదంతా బలంగా ఉండే కుర్రాళ్లకైనా మొదటి రోజే రాదు.

అందుకే అక్కడి పరిశోధన సంస్థ నయోష్ ఏమంటుందంటే, కొత్తవాళ్లని మొదటి రోజు మామూలు షిఫ్ట్‌లో 20 శాతం సేపే వేడిలో ఉంచాలి, ఆ తర్వాత రోజుకి 20 శాతానికి మించకుండా పెంచుకుంటూ పోవాలి. మీకేమో మొదటి రోజు నుంచే ఫుల్ టార్గెట్ ఇచ్చారు, నీళ్లకి వెళ్తే టైమ్ కోత, పై అరల పని. ‘అలవాటైపోతుంది’ అన్న సూపర్‌వైజర్‌కి అలవాటయ్యేలోపు ఏం చేయాలో ఎవరూ నేర్పలేదు. అలాంటి పద్ధతిలో పని చేయిస్తే మీ స్థానంలో ఎవరున్నా పడిపోయేవాళ్లే.

కాబట్టి డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లి, పనిచేసే చోట వేడి వల్లే ఇది జరిగిందని, ఎలాంటి పని, ఎలాంటి షెడ్డు అన్నది మీరు చెప్పినట్టుగా కాగితం మీద రాయించుకోండి. కంపెనీ ప్రమాదాల రిజిస్టరులో ఇది ఎక్కించారా అని మెయిల్‌లోనే అడగండి. ఇంకోటి, కేసు కన్నా ముందు ఒళ్లు ముఖ్యం. పిక్కలు పట్టేశాయన్నారు కదా, ఇప్పటికీ కండరాలు బాగా నొప్పిగా ఉన్నా, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తున్నా ఆలస్యం చేయకండి, కండరం దెబ్బతిని కిడ్నీల మీద పడుతుంది. క్రియాటినిన్, సీపీకే అని రక్తపరీక్షలు ఉంటాయి, చేయించుకున్నారో లేదో చూసుకోండి.

ఎర్రఇంకు:
నిరుత్సాహపరచాలని కాదు గానీ ప్రొబేషన్ విషయంలో ఎక్కువ ఆశలు పెట్టుకోకండి. అనారోగ్యంతో కొద్దిరోజులు పనికి రాకపోవడం ఉద్యోగం తీసేయడానికి సరైన కారణం కాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం 6వ అధికరణంలోనే ఉంది. కానీ అదే ఒప్పందం ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లని ఆ రక్షణ నుంచి మినహాయించుకోవచ్చని కూడా అంటుంది, పైగా చాలా దేశాలు దాన్ని ఆమోదించనే లేదు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు, ఆ ఉద్యోగం తిరిగి వస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

మీరు గట్టిగా పట్టుకోవాల్సింది పరిహారం. పనిలో జరిగిన హానికి సంబంధించి 1964 నాటి 121వ ఒప్పందంలో, ఎన్నాళ్లు పనిచేశారన్న షరతు పరిహారానికి పెట్టకూడదని స్పష్టంగా ఉంది. అది ఆమోదించని చోట కూడా పని ప్రమాదాల చట్టాలు చాలావరకు ఆ దారిలోనే ఉంటాయి. చేరిన రోజున దెబ్బ తగిలినా అది పనిలో తగిలిన దెబ్బే కదా. అందుకే సేఫ్టీ ఆయన చెప్పిన డాక్టర్ కాగితం ఇక్కడ ప్రాణం. కార్మిక శాఖలోనో యూనియన్‌లోనో అడగండి, ఎన్ని రోజుల్లో తెలియజేయాలి అన్న గడువు ముందు కనుక్కోండి. గడువు దాటితే మంచి కేసు కూడా నిలబడదు.

వానచినుకు:
ఇంటర్వ్యూ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. నేను మనుషుల్ని తీసుకునే వైపు కూర్చుంటాను. ‘ఆ షెడ్డులో వేడికి జాగ్రత్తలు లేవు, కొత్తలోనే వడదెబ్బ తగిలింది, ఇప్పుడు పూర్తిగా కోలుకున్నాను, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది’ అని రెండు వాక్యాల్లో చెప్పేసి, కొత్త పని గురించిన మాటల్లోకి వచ్చేయండి. దాచిపెట్టి నసిగితేనే అనుమానం వస్తుంది. అంత కొద్దిరోజుల ఉద్యోగాన్ని రెజ్యూమేలో పెట్టాల్సిన పని కూడా లేదు, కానీ ఫారంలో అడిగితే మాత్రం అబద్ధం రాయొద్దు. ఒళ్లు సరిగ్గా లేనప్పుడు భయంతో దొరికిన మొదటి పనికి ఊ అనకండమ్మా, మళ్లీ అలాంటి షెడ్డే అయితే మరీ కష్టం. ఒకసారి ఇలా అయినవాళ్లకి కొన్నాళ్లపాటు వేడి తొందరగా పడుతుంది.

రేకులషెడ్:
అందరికీ చాలా చాలా థాంక్స్. పేరోల్ గారు రాసిన మెయిల్ దాదాపు అలాగే పంపాను. నాతో పాటు చేరిన అమ్మాయి ఆ రోజు నా పిక్ లిస్టు ఫొటో తీసి పంపింది, పడిపోవడానికి ముందు వరుసగా పై అరల నంబర్లే ఉన్నాయి. సీపీకే పరీక్ష అక్కడ చేయలేదు, రేపు చేయించుకుంటాను. మెయిల్ వెళ్లాక హెచ్ఆర్ నుంచి మళ్లీ ఫోన్లు వస్తున్నాయి, ఇంకా ఎత్తలేదు. ఎత్తాలా?

పేరోల్_మనిషి:
ఎత్తండి, భయం లేదు. వినండి, దేనికీ ఒప్పుకోకండి, ‘మెయిల్‌లో పంపండి, చూసి చెప్తాను’ అనండి. ఫోన్ పెట్టగానే ‘ఇప్పుడు ఫోన్‌లో మీరు ఇలా అన్నారు’ అని వాళ్లకే ఒక మెయిల్ కొట్టండి. ఆ పిక్ లిస్టు ఫొటో మాత్రం ఇప్పుడే వాళ్లకి పంపొద్దు, ముందు కార్మిక శాఖలోనో యూనియన్‌లోనో చూపించండి, ఆ అమ్మాయి ఉద్యోగానికి ఇబ్బంది రాకుండా ఎలా వాడాలో వాళ్లు చెప్తారు.