ప్రత్యామ్నాయ ప్రోటీన్లు: ప్రజాధనం ప్రయోగశాల మాంసానికా, శిలీంధ్రానికా?

ప్రశ్న:
జంతుకణాలను ప్రయోగశాలలో పెంచి తయారుచేసిన తొలి బర్గర్‌ను 2013లో లండన్‌లో వండి రుచి చూపించారు. అటువంటి మాంసం అమ్మకానికి 2020లో సింగపూర్ అనుమతించగా, 2023లో ఇటలీ నిషేధించింది. మాంసానికి అలవాటుపడినవారు మాంసాన్నే కోరుకుంటారు కాబట్టి, ప్రభుత్వాలు ఇచ్చే పరిశోధన నిధుల్లో సింహభాగం దీనికే దక్కాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

మొదటి సమాధానం:
మీరు చెప్పిన కారణం నిజమే గాని, దాని మీద కట్టిన నిర్ణయంతో ఏకీభవించలేను. జంతుకణం ఒంటరిగా బతికే జీవి కాదు. రక్తం అందించే చక్కెర, అమైనో ఆమ్లాలు, పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్లు అన్నీ దానికి మనమే సమకూర్చాలి. కాపాడే రోగనిరోధక వ్యవస్థ అక్కడ ఉండదు కనుక, కణాలను పెంచే తొట్టెలోకి కాస్త బాక్టీరియా చొరబడినా అది కణాలకంటే ఎన్నో రెట్లు వేగంగా పెరిగి మొత్తాన్నీ పాడుచేస్తుంది.

మాంసానికి బదులుగా తినగల శిలీంధ్రం (ఫంగస్) సంగతి వేరు. ఫ్యుసేరియం వెనెనేటం అనే నేల శిలీంధ్రం నుంచి తీసే మైకోప్రోటీన్ అనే ఆహారం 1985 నుంచి బ్రిటన్‌లో అమ్ముడవుతోంది. దానికి ప్రధానంగా కావలసినవి గ్లూకోజ్, నత్రజని కోసం అమ్మోనియా, కొన్ని లవణాలు, గాలి. ఇందులో ఒక దశను ప్రత్యేకంగా చెప్పాలి. వేగంగా పెరిగే సూక్ష్మజీవుల్లో ఆర్‌ఎన్‌ఏ (కణంలో ప్రోటీన్ల తయారీకి తోడ్పడే పదార్థం) ఎక్కువ. అది మన ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారి, మోతాదు మించితే కీళ్లనొప్పులకు దారితీయవచ్చు. అందుకే తొట్టెలోంచి తీసిన శిలీంధ్రాన్ని 65 డిగ్రీల సెల్సియస్ దాటేలా వేడిచేసి కొంతసేపు ఉంచుతారు. అప్పుడు దాని సొంత ఎంజైములే ఆర్‌ఎన్‌ఏను ముక్కలుచేసి బయటికి పంపేస్తాయి. ఆ క్రమంలో కొంత ప్రోటీన్ కూడా పోతుందని తెలిసీ, తినేవారి ఆరోగ్యం కోసం ఆ నష్టాన్ని భరిస్తున్నారు. ఇంత పరీక్షకు నిలిచిన ఆహారాన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

రెండవ సమాధానం:
ఆ గ్లూకోజ్ ఎక్కడి నుంచి వస్తుంది? పొలం నుంచే కదా. పైగా 1980 ప్రాంతంలో బ్రిటన్‌లోనే మిథనాల్ అనే ఆల్కహాల్ మీద బాక్టీరియాను పెంచి ప్రుటీన్ అనే పశుదాణాను తయారుచేశారు. పని చేసే పద్ధతే అయినా, సోయా దాణా చవకగా దొరుకుతుండటంతో అది మార్కెట్లో నిలవలేకపోయింది. శిలీంధ్రానికీ ఆ గతి పట్టదని ఎలా చెప్పగలం?

మొదటి సమాధానం రాసినవారు:
ప్రుటీన్ పోటీపడింది పశువుల మేతతో, మైకోప్రోటీన్ పోటీపడుతున్నది పళ్లెంలోని మాంసంతో. ఈ రెండింటి ధరల మధ్య ఉన్న అంతరమే ఒకదాన్ని మూయించి, మరొకదాన్ని నిలబెట్టిందని నా అవగాహన. గ్లూకోజ్ విషయంలో మాత్రం మీ మాట కాదనలేను, అయితే జంతుకణాలకూ ఆ గ్లూకోజే కావాలి. కనుక నిధులు ముందుగా వెళ్లవలసింది పంట వ్యర్థాల్లోని సెల్యులోజ్‌ను (మొక్కల పీచు పదార్థాన్ని) తక్కువ ఖర్చుతో చక్కెరగా మార్చే పరిశోధనకు అని నా మొదటి వాదనను సవరించుకుంటున్నాను.