పిల్స్‌నర్‌లాంటి తేలిక బీరుని, స్టౌట్‌లాంటి నల్లటి ఘాటు బీరుని ఒకే లిస్టులో ర్యాంక్ చేయడం ఎలా?

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఈ శనివారం నలుగురు ఫ్రెండ్స్ కలిసి ఒక కొలాబరేషన్ బీర్ ప్యాక్ రుచి చూసి ర్యాంకులు ఇద్దామనుకుంటున్నాం. 2014లో సియెర్రా నెవాడా అనే అమెరికన్ బీరు తయారీ కంపెనీ దేశమంతటా ఉన్న బ్రూవరీలతో కలిసి 12 రకాలు చేసి ఒకే పెట్టెలో అమ్మింది కదా, అలాంటిదే. మా ప్యాక్‌లో పిల్స్‌నర్, పేల్ ఏల్, ఐపీఏలు (చేదు ఎక్కువుండే ఏల్ రకాలు), ఒక బెల్జియన్ రకం, కాఫీ స్టౌట్ ఉన్నాయి.

బీరు పోటీల్లో జడ్జీలు వాడే బీజేసీపీ స్కోర్ షీట్ చూశాను. మొత్తం 50 మార్కులు: వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో తగిలే తీరుకి 5, మొత్తం మీద అభిప్రాయానికి 10. బాగానే ఉంది గానీ, అది ఏ బీరుని ఆ స్టైల్ లెక్కలోనే తూస్తుంది. మా గొడవ వేరు: వీటిలో ఏది మళ్లీ కొనాలి?

తేలికవి ముందు, ఘాటువి చివర అంటారు. అలా చేస్తే స్టౌట్ దగ్గరికొచ్చేసరికి నాలుక అలసిపోదా? రెండు విడతలుగా, రెండు వారాల్లో పెట్టుకోవడం మేలా? మా వదిన తాగదు కాబట్టి గ్లాసుల మీద నంబర్లు వేసి తనే పోస్తానంది. స్టౌట్ నలుపు చూస్తేనే తెలిసిపోతుందనుకోండి, కనీసం ఐపీఏల వరకైనా బ్రూవరీ పేరు చూసి మార్కులు పడవు.

ఇంకోటి, మావాళ్లకి మిర్చి బజ్జీ లేకపోతే కుదరదట. ఆ మంట మీద హాప్స్ (బీరుకి చేదునిచ్చే పూలు) చేదు ఏం తెలుస్తుంది? మధ్యమధ్యలో మరమరాలు, నీళ్లు సరిపోతాయా? స్టౌట్‌ని ఫ్రిజ్‌లోంచి ఎంతసేపు ముందు తీయాలి? ఇలాంటివి చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.