సౌండ్ గరుకుగా ఉంటే ముందు ట్యూబులు మార్చాలా, కార్ట్రిడ్జ్ సరిచెయ్యాలా?

చివరిపాట:
నా రికార్డ్ ప్లేయర్ సెటప్ ఇది. ఎంఎం (మూవింగ్ మ్యాగ్నెట్) కార్ట్రిడ్జ్, అంటే ముల్లున్న భాగం, దాని సన్నటి సిగ్నల్‌ని పెంచే 12ఏఎక్స్7 ట్యూబుల ఫోనో స్టేజ్, స్పీకర్లని నడిపే ఈఎల్34 ట్యూబుల పుష్‌పుల్ యాంప్. ఎల్పీలో మొదటి రెండు మూడు పాటలు హాయిగా ఉంటాయి. చివరి పాటకి వచ్చేసరికి పాడేవాళ్ల స, శ లు బుస్సుమంటాయి, వయొలిన్ చెవిలో గీసినట్టు ఉంటుంది. పాత స్టాక్ (ఎప్పుడో తయారై వాడకుండా ఉన్న) ట్యూబులు వేస్తే పోతుందని ఒక ఫ్రెండ్ అంటున్నాడు. ఇంకొకరేమో ట్యూబుల జోలికి పోకు, ముందు ముల్లు సంగతి చూసుకో అంటున్నారు. ఎవరి మాట వినాలి?

వేడిగాజు:
ట్యూబులే బాస్. ఇప్పుడు తయారయ్యే 12ఏఎక్స్7ల్లో చాలావాటికి పై స్వరాలు గరుకే. నేను ఫోనో స్టేజ్‌లో మొదటి ట్యూబు ఒక్కటి మార్చాను, ఆ బుస్సు సగానికి సగం తగ్గింది. ప్రొట్రాక్టర్ (కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే గీతల అట్ట), భూతద్దం పట్టుకుని కూర్చునేవాళ్లు అసలు పాటలు ఎప్పుడు వింటారో నాకు అర్థం కాదు.

మిల్లీమీటర్:
వింటాం సార్, చివరి పాట కూడా వింటాం :)
ఆయన రాసింది ఇంకోసారి చదవండి. మొదటి పాట బాగుంది, చివరిది బాగాలేదు అంటున్నారు. ముల్లు రికార్డు మీద ఎక్కడుందో ట్యూబుకెలా తెలుస్తుంది? తప్పు ట్యూబుదే అయితే మొదటి పాటలోనూ వినపడాలి కదా. 33⅓ వేగంతో తిరిగే ఎల్పీలో బయటి అంచు దగ్గర ముల్లు కింద గ్రూవ్ (రికార్డు మీది గాడి) సెకనుకి 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలి చివరకి వచ్చేసరికి 21 మాత్రమే. అంటే 10 కిలోహెర్ట్జ్ స్వరంలో ఒక్కో అల బయట 0.05 మిల్లీమీటర్ల పొడవుంటే లోపల 0.02కి కుంచించుకుపోతుంది, అంత సన్నటి వంపుల్లో ముల్లు కాస్త వంకరగా కూర్చున్నా ఆ వంకరంతా బయటపడిపోతుంది.

చివరిపాట గారూ, బేర్వాల్డ్ లెక్క (ముల్లు కోణం పెట్టడానికి వాడే ఒక పద్ధతి) ప్రకారం స్పిండిల్ (రికార్డు మధ్య రంధ్రంలో దూరే కడ్డీ) మధ్య నుంచి 66 మి.మీ., 120.9 మి.మీ. దూరాల్లో ముల్లు గ్రూవ్‌కి సూటిగా ఉండాలి. రెండు చోట్లా చూడండి. కార్ట్రిడ్జ్ బాడీని కాదు, ముల్లుని మోసే ఆ సన్నటి క్యాంటిలీవర్‌ని చూసి ప్రొట్రాక్టర్ గీతకి కలపాలి, కొన్నిట్లో అది బాడీకి కొంచెం పక్కకి తిరిగి ఉంటుంది. బుస్సు కుడి స్పీకర్‌లోనే ఎక్కువైతే యాంటీ స్కేటింగ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే ఆర్మ్ లోపలికి జారకుండా బయటికి లాగే బలం) కాస్త పెంచండి. ఖాళీ డిస్కు మీద ఆర్మ్ కదలకుండా నిలబడేదాకా అది తిప్పమని కొందరు చెప్తారు, నాకు ఆ పద్ధతి నచ్చదు. గ్రూవ్‌లో ముల్లు రెండు గోడలకి ఆనుకుని నడుస్తుంది, నున్నటి డిస్కు మీద కొన మాత్రమే ఆనుతుంది, రెండు చోట్లా రాపిడి ఒకటి కాదు.

వేడిగాజు:
లోపలి గ్రూవ్‌లో డిస్టార్షన్ ఎంత బాగా సెట్ చేసినా కొంత ఉంటుంది, దాన్ని నేను కాదనలేదు. ఆ కొంతని ఎత్తి చూపించేది ట్యూబు, అదే నా మాట. మీ ప్రొట్రాక్టర్‌తో పెట్టాకే కదా నేను ట్యూబు మార్చింది, తేడా వినపడింది. విన్నదాన్ని లెక్కలతో కొట్టేస్తే ఎలా?

సోల్డర్‌పొగ:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఎంఎం కార్ట్రిడ్జ్ కాయిల్, దానికి తగిలే కేబుల్, ఫోనో స్టేజ్‌ల కెపాసిటెన్స్ (పికోఫారడ్లలో కొలుస్తారు) కలిసి ఒక రెజొనెన్స్ కడతాయి, అంటే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర సౌండ్ ఎగదన్నుతుంది. కాయిల్ 550 మిల్లీహెన్రీలనుకోండి. మొత్తం 150 పికోఫారడ్లు పడితే ఆ రెజొనెన్స్ 17.5 కిలోహెర్ట్జ్ దగ్గరుంటుంది, 270 పడితే 13కి దిగొస్తుంది. అప్పుడు స, శ లు ముందుకి పొడుచుకొస్తాయి. ఇప్పుడు అసలు సంగతి: మొదటి ట్యూబు 12ఏఎక్స్7 అయితే దాని గ్రిడ్‌కీ (సిగ్నల్ లోపలికొచ్చే వైపు) ప్లేట్‌కీ (బయటికెళ్లే వైపు) మధ్య ఉన్న 1.7 పికోఫారడ్లు ఆ స్టేజ్ గెయిన్‌తో (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో దానితో) హెచ్చవుతాయి. దీన్నే మిల్లర్ ఎఫెక్ట్ అంటారు. గెయిన్ 60 ఉంటే ఒక్క ట్యూబే 100 పైన కలుపుతుంది. టోన్ఆర్మ్ వైరు, కేబుల్ కలిపి 150 వేసుకోండి, చాలా కార్ట్రిడ్జ్‌లకి కంపెనీ చెప్పే హద్దు దాటిపోయినట్టే. ఫోనో స్టేజ్ లోపల ఇన్‌పుట్ దగ్గర ఇంకో కెపాసిటర్ కూడా పెట్టి ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి ట్యూబుకీ దీనికీ సంబంధమే లేదనడం తప్పు. అలాగని అదే 12ఏఎక్స్7ని ఇంకో కంపెనీది వేస్తే మారేది కొద్ది పికోఫారడ్లే, దానికి పాత స్టాక్ పేరుతో డబ్బు పొయ్యడం నాకు నచ్చదు. కొందరు ఆ సాకెట్‌లో 12ఏటీ7 అనే ఇంకో రకం ట్యూబు పెడతారు, గెయిన్ తగ్గి మెత్తగా వినపడుతుంది, కానీ దాని ప్లేట్ రెసిస్టెన్స్ వేరు, ఆర్ఐఏఏ ఈక్వలైజేషన్ (రికార్డు చేసేటప్పుడు తగ్గించిన బాస్‌ని, పెంచిన పై స్వరాలని తిరిగి సరిచెయ్యడం) లెక్క తప్పే అవకాశం ఉంది.

ఇంకోటి. ఈఎల్34లు మార్చాలని ఎవరైనా సలహా ఇస్తే మీది ఫిక్స్‌డ్ బయాసా (ట్యూబులో పారే కరెంటుని విడిగా సెట్ చెయ్యాల్సిన రకం) కాదా ముందు తెలుసుకోండి. ఫిక్స్‌డ్ అయితే కొత్త ట్యూబుకి బయాస్ మళ్లీ పెట్టి తీరాలి. ప్లేట్ మీద 430 వోల్టులు, 40 మిల్లీయాంపులు అంటే 17 వాట్లు, ఆ ట్యూబు హద్దు 25. చూడకుండా వదిలేస్తే ప్లేట్ ఎర్రగా కాలి కూర్చుంటుంది. లోపల చెయ్యి పెట్టే అలవాటు లేకపోతే పెట్టకండి, ఆఫ్ చేశాక కూడా కెపాసిటర్లలో వందల వోల్టులు ఉండిపోతాయి.

చివరిపాట:
ఈ వారం చూసినవి రాస్తున్నా. ముందు సీడీ ప్లేయర్ పెట్టి విన్నాను, ఆ బుస్సు లేదు, అంటే పవర్ యాంప్ బాగానే ఉంది. ఫోనోలో ఎడమ, కుడి ట్యూబులు అటూ ఇటూ మార్చాను, తేడా ఏమీ లేదు. తర్వాత ప్రొట్రాక్టర్ పెడితే కార్ట్రిడ్జ్ హెడ్‌షెల్‌లో (ఆర్మ్ కొనలో అది బిగించే చోట) 2 మి.మీ. వెనక్కి ఉంది (కొన్నప్పుడు బిగించి ఇచ్చిందే), ముల్లు మీద బరువు 1.5 గ్రాములే ఉంది, కంపెనీ చెప్పింది 1.8 నుంచి 2.2. ముందుకి జరిపి బరువు 2 పెట్టాను. వయొలిన్ పూర్తిగా దారిలోకొచ్చింది. స, శ లు చాలా తగ్గాయి, కానీ పోలేదు. గమనిస్తే ఇప్పుడు మొదటి పాటలో కూడా కాస్త వినపడుతున్నాయి.

మిల్లీమీటర్:
బరువు తక్కువ పెడితే రికార్డు అరగదని ఎవరు మొదలుపెట్టారో గానీ, తేలిగ్గా పెట్టిన ముల్లు గ్రూవ్‌లో ఎగిరెగిరి పడి గోడల్ని ఇంకా చెడగొడుతుంది. ఇదివరకే అలా దెబ్బతిన్న రికార్డు అయితే ఇప్పుడు ఎంత సెట్ చేసినా ఆ స, శ లు తగ్గవు. పెద్దగా వాడని రికార్డు ఒకటి వేసి చూడండి.

వేడిగాజు:
మొదటి పాటలో కూడా వినపడుతున్నాయట, చదివారా? అది ముల్లు వంకర కాదుగా మరి. ఇప్పుడు ట్యూబు మార్చి చూడమనండి.

సోల్డర్‌పొగ:
ట్యూబుకంటే ముందు కేబుల్. ఇప్పుడున్న దాని కెపాసిటెన్స్ మల్టీమీటర్‌లో ఆ రేంజ్ ఉంటే కొలవండి, రెండు చివరలూ ఊడదీసి మరీ. పొడుగ్గా ఉంటే పొట్టిది వెయ్యండి. మీటరుకి 50 పికోఫారడ్లు ఉండే కేబుళ్లు దొరుకుతాయి. అప్పటికీ బుస్సు ఉంటే ఫోనో స్టేజ్ మూత తీసిన ఫొటో ఒకటి పెట్టండి, ఇన్‌పుట్ దగ్గర కెపాసిటర్ ఉందో లేదో చూసి చెప్తాను. వేడిగాజు గారి ట్యూబు ఆ తర్వాత.

వేడిగాజు:
నా ట్యూబు ఎక్కడికీ పోదు లెండి, ఫొటో రానివ్వండి.