సొంత ఇంజిన్‌తో లేచే గ్లైడర్ కొనొచ్చా? వాడుతున్నవాళ్లు చెప్పండి

గాలివాటం:
ఇన్నాళ్లూ క్లబ్ గ్లైడర్లే (ఇంజిన్ లేకుండా గాలిలో తేలే విమానాలు) నడుపుతున్నాను, వించ్ (నేల మీది యంత్రం తాడుతో లాగి లేపడం), ఏరోటో (టో విమానం తాడుతో పైకి లాక్కెళ్లడం) రెండూ అలవాటే. మా దగ్గర టో విమానం ఒక్కటే, దాన్ని నడిపేవాళ్లు దొరకడం ఇంకా కష్టం. పైకి లేపే గాలి ఉందని చెప్పే క్యుములస్ మేఘాలు బాగా పట్టిన రోజునే లైన్లో కూర్చోవాల్సి వస్తోంది. ఇప్పుడు వాడిన సింగిల్ సీటర్ ఒకటి అమ్మకానికి వచ్చింది, టూ స్ట్రోక్ ఇంజిన్, సీటు వెనక పెట్టెలోకి మడుచుకుపోయే రకం. బ్రోషర్లో ఉండే మాటలు కాకుండా, కొన్నాక రోజువారీగా ఎలా ఉంటుందో చెప్పండి.

థర్మల్_వేట:
స్వేచ్ఛ విషయంలో మాత్రం దీనికి సాటి లేదండీ. వాతావరణం ఎప్పుడు బాగుంటే అప్పుడు లేవొచ్చు, టో కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు, సాయంత్రం థర్మల్స్ (పైకి లేచే వేడి గాలి) ఆగిపోయాక ఇంజిన్‌తో ఇంటికి రావొచ్చు. కానీ ఆ చివరి మాట దగ్గరే ఉంది అసలు ప్రమాదం.

ఇంజిన్ బయటికి తీసి, అది స్టార్ట్ కాలేదనుకోండి. ఆ పైలాన్ (ప్రొపెల్లర్‌ని మోసే స్తంభం), కదలని ప్రొపెల్లర్ గాలికి అడ్డంగా నిలబడతాయి, మామూలుగా 50 గ్లైడ్ రేషియో ఉన్న (ఒక మీటరు దిగేలోపు 50 మీటర్లు ముందుకెళ్లే) గ్లైడర్ కూడా 20 లోపుకి పడిపోతుంది. అప్పటిదాకా చేతికందేలా కనిపించిన పొలం ఒక్కసారిగా దూరమైపోతుంది. అందుకే దిగడానికి పనికొచ్చే పొలం ముందే ఎంచుకుని, దాని మీదే సర్క్యూట్‌కి (దిగే ముందు వేసే చుట్టుకి) సరిపడా ఎత్తు మిగిలుండగానే ఇంజిన్ తీయాలి. స్టార్ట్ అయితే సంతోషం, కాకపోతే అది మామూలు ఔట్‌ల్యాండింగ్ (పొలంలో దిగడం) అంతే. అడవుల మీదుగా, కొండల మీదుగా "ఇంజిన్ ఉందిలే" అని వెళ్లేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది.

పోటీల్లో ఎగరాలనుకుంటే ఇంకో సంగతి: ఇంజిన్ శబ్దాన్ని లాగర్ (ఫ్లైట్ రికార్డర్) రికార్డ్ చేస్తుంది కాబట్టి, మధ్యలో ఇంజిన్ వాడితే మీ టాస్క్ (పోటీలో ఇచ్చిన రూటు) అక్కడితో ఆగినట్టే లెక్క.

స్పానర్:
నేను మెయింటెనెన్స్ వైపు నుంచి చెప్తాను. టూ స్ట్రోక్ ఇంజిన్లు వణికిస్తాయి, ఆ వణుకుకి ఎగ్జాస్ట్ బ్రాకెట్లు, వెల్డింగ్ అతుకులు, ఇంధనం పైపుల బిగింపులు మెల్లగా పగుళ్లు పడతాయి, వదులవుతాయి. చూడ్డానికి వెళ్లినప్పుడు ఇంజిన్ పూర్తిగా పైకి తీయించి, టార్చ్ లైట్‌తో ఒక్కో అతుకూ చూడండి, డ్రైవ్ బెల్ట్ అంచులు పీచు లేస్తున్నాయేమో వేలు పెట్టి తడమండి. తర్వాత స్టార్ట్ చేయించి, ఆపించి, ప్రొపెల్లర్ నిలువుగా ఆగి లోపలికి ఇబ్బంది లేకుండా మడుచుకుంటుందో లేదో మీరే కాక్‌పిట్ అద్దంలో చూడండి. ఇంజిన్ గంటలు తక్కువున్నాయని మురిసిపోవద్దు, ఏళ్ల తరబడి వాడకుండా పడున్న ఇంజినే ఎక్కువ సతాయిస్తుంది. వాంకెల్ ఇంజిన్ (పిస్టన్ బదులు రోటర్ తిరిగే రకం) ఉన్న ఏఎస్‌హెచ్ 26ఈ లాంటి గ్లైడర్లు వణుకు విషయంలో చాలా నయం, కానీ వాటికీ శ్రద్ధగా చూసే మెకానిక్ కావాలి.

రెక్క18:
ఎలక్ట్రిక్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? లాంగే కంపెనీ ఆంటారెస్ 20ఈ గ్లైడర్‌లో 42 కిలోవాట్ల మోటారు, లివర్ నెట్టగానే తిరుగుతుంది, వేడెక్కే దాకా ఆగే పని లేదు. ఎఫ్‌ఈఎస్ (ముందుండే ఎలక్ట్రిక్ సస్టైనర్) రకంలో మోటారు ముక్కులోనే ఉంటుంది, ఆపితే ప్రొపెల్లర్ రెక్కలు ముక్కుకి అతుక్కుపోతాయి, కాబట్టి థర్మల్_వేట గారు చెప్పిన ఆ డ్రాగ్ (గాలి అడ్డు) భయం చాలావరకు పోతుంది. అయితే ఎఫ్‌ఈఎస్ ఉన్నవాటిలో ఎక్కువ భాగం నేల మీంచి లేవలేవు, గాల్లో నిలబెట్టడానికే. సైలెంట్ 2 ఎలక్ట్రో లాంటి తేలికైనవే దాంతో టేకాఫ్ అవుతాయి. బ్యాటరీని తేలిగ్గా తీసుకోకూడదు, 2017లో బ్రిటన్‌లో ఒక 304 ఈఎస్ గ్లైడర్ దిగుతుండగా బ్యాటరీ అంటుకుంది.

గాలివాటం:
చాలా థాంక్స్ అండీ. బలహీనమైన థర్మల్స్ ఉన్న రోజు ఆ ఇంజిన్ బరువు ఎంత ఇబ్బంది పెడుతుంది? ఒక్కడినే వెళ్లి ఎగరడం కుదురుతుందా?

థర్మల్_వేట:
బరువు తెలుస్తుంది. బరువు కోసం రెక్కల్లో నింపే బలాస్ట్ నీళ్లయితే వదిలేయొచ్చు, ఇంజిన్‌ని వదలలేరు కదా, పొద్దున్న లేత థర్మల్స్‌లో మామూలు గ్లైడర్లు మీ పైన తిరుగుతుంటే మీరు కింద కష్టపడతారు. థర్మల్స్ బలపడ్డాక అదే బరువు వేగానికి పనికొస్తుంది. ఒక్కరే వెళ్లడం కుదురుతుంది, రెక్క చివర చిన్న చక్రాలున్నవాటితో. కాకపోతే రన్‌వే గట్టిగా, పొడవుగా ఉండాలి, మెత్తటి తడి గడ్డి మీద ఆ చిన్న ప్రొపెల్లర్ లాగలేక చాలా దూరం తీసుకుంటుంది.

నన్నడిగితే ఇద్దరు ముగ్గురు కలిసి కొనండి. ఇన్సూరెన్స్, వార్షిక తనిఖీ ఖర్చు పంచుకోవచ్చు, ఇంజిన్ కూడా తరచూ తిరుగుతూ ఉంటుంది. ఇంటికి రావడం కోసమే ఇంజిన్ కావాలంటే టర్బో రకం (నేల మీంచి లేపలేదు, గాల్లో నిలబెట్టడానికే) చాలు, కానీ మీ బాధ టో దొరక్కపోవడం కాబట్టి మీకు సెల్ఫ్ లాంచే (సొంత ఇంజిన్‌తో నేల మీంచి లేచేదే) సరైనది. డబ్బిచ్చే ముందు మాత్రం స్పానర్ గారు చెప్పినట్టు ఆ బెల్ట్ చూడండి.