అప్‌డేట్: నాయన కనురెప్ప వాలేదానికి కారణం దొరికింది, అదీ ఒకటి కాదు

పోయిన నెల అడిగినా కదా, మా నాయనకి 71 ఏళ్లు, మాపటికి కనురెప్ప వాలిపోతాంది, మెట్లెక్కలేకున్నాడు అని. కడపలో వయసు వల్లేలే అని విటమిన్ మాత్రలిచ్చి పంపినారు. కర్నూలుకి పోతే న్యూరాలజీ డాక్టరు ఐసుముక్క కర్చీపులో చుట్టి రెప్ప మీద రెండు నిమిషాలు పెట్టినాడు, తీస్తానే కన్ను తెరుచుకునింది, మాయమ్మ నోరెళ్లబెట్టింది. రక్తపరీక్షలో ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ (నరం నుంచి కండరానికి పోయే సంకేతాన్ని అడ్డుకునేది) పాజిటివ్, మయస్తీనియా గ్రావిస్ అన్నారు, అంటే కండరాలు వాడేకొద్దీ బలం తగ్గిపోయే జబ్బు.

ఐతే సీకే (కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) కూడా బాగా ఎక్కువొచ్చింది, ఒట్టి మయస్తీనియాలో అది పెరగదంట, కొలెస్ట్రాల్‌కి వేసుకునే స్టాటిన్ మాత్ర వల్లేమో అని ముందు అది ఆపి చూసినారు, తగ్గలేదు, ఆఖరికి తొడ కండరం ముక్క తీసి చూస్తే మయోసైటిస్ (కండరాల వాపు) కూడా ఉండాది. రెండూ ఉంటే థైమస్‌లో (రొమ్ము ఎముక వెనకుండే గ్రంథి) గడ్డ ఉండొచ్చని ఛాతీ సీటీ తీసినారు, ఏంలేదు, బతికినాం.

నరం సంకేతం కండరానికి బాగా అందేలా చేసే పైరిడోస్టిగ్మిన్‌ మాత్రతో పాటు స్టెరాయిడ్ కొంచెం కొంచెంగా పెంచుతాన్నారు. నిన్న రాత్రి సంగటి ముద్ద నీళ్లు తాగకుండానే గొంతు దిగింది.